నాలుగేళ్ళుగా ముధోల్ కుక్కను మేపుతున్నా: సంగటి, ప్యాకెట్ మేత, చికెన్ స్కిన్ గురించి నా అనుభవం

మా బుడ్డోడు ముధోల్ కుక్క, కర్ణాటక వైపు సన్నటి వేట జాతి. బాగల్‌కోట్ వైపు నుంచి బళ్ళారి మీదుగా బస్సులో, అట్టపెట్టెలో, రెండు నెలల పిల్లగా వచ్చాడు. అప్పుడు పెట్టిన పేరే ఉండిపోయింది, ఇప్పుడు నా తొడ దాటి ఉన్నా బుడ్డోడే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, శెనక్కాయ చేను. నాలుగేళ్ళలో వీడికి ఏమేం పెట్టానో, ఏది పనిచేసిందో, ఎక్కడ తప్పు చేశానో రాస్తున్నా. ఇంట్లో సోఫా మీద పడుకునే కుక్కలకు ఇది పనికిరాదు, రోజూ ఒళ్ళు విరుచుకుని పరిగెత్తే కుక్క ఉన్నవాళ్ళకే.

ముందే ఒక మాట. వేట కుక్క అంటాం గానీ వేటకు తీసుకుపోను. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చెవులపిల్లిని పట్టినా కేసే, వద్దు ఆ టెన్షన్. వీడి పని ఊడలు దిగి కాయ పట్టినప్పటి నుంచి కాయ పెరికేదాకా రాత్రిపూట అడవిపందుల్ని చేను దాటించడం, అంతే. అంతే అంటున్నా గానీ, ఒకసారి మా తమ్ముడి పాత స్మార్ట్ వాచ్‌ని మెడపట్టీకి కట్టి వదిలితే తెల్లారేసరికి 19 కిలోమీటర్లు చూపించింది. అది కూడా నడక కాదు, ఉన్నట్టుండి లేచి బాణంలా దూకడం, మళ్ళీ వచ్చి మంచె కింద కూర్చుని రొప్పడం, మళ్ళీ దూకడం.

మొదటి ఏడాది అంతా సంగటే. కుక్కకు వేరే వండటం అనే ఆలోచనే మా ఇంట్లో లేదు. పొద్దున రాగి సంగటి ముద్దలో మజ్జిగ, రాత్రి మిగిలిన అన్నం, ఆదివారం మేం చికెన్ తింటే ఆ బొమికలు. మా జేజి కాలం నుంచి ఊరకుక్కలు అవే తిని బతికాయి కదా అనుకున్నా. ఊరకుక్క అరుగు కింద పడుకుని, కొత్త మనిషొస్తే రెండు అరుపులు అరిచి బతికేస్తుంది. వీడు రాత్రంతా పరిగెడతాడు. ఈ తేడా నా బుర్రకెక్కడానికి ఒక పంట కాలం పట్టింది. కాయ పెరికేనాటికి వీడు 18 కిలోల 600 గ్రాములకు దిగాడు. ఎలా తూచానంటారా, శెనక్కాయ మూటలు తూచే మిషన్ ఉంది కదా, వీణ్ణి ఎత్తుకుని నేనెక్కడం, తర్వాత నా బరువు తీసేయడం. ఇప్పటికీ పదిహేను రోజులకోసారి అదే పద్ధతి. మీరు మేత మార్చి చూడాలనుకుంటే ముందు ఈ తూకం మొదలుపెట్టండి, కంటితో చూసి బాగున్నాడు, చిక్కాడు అనుకునేవి అన్నీ అబద్ధాలే.

ముధోల్ సన్నగానే ఉంటుందని అందరూ చెప్తారు, నిజమే. వెనక పక్కటెముకలు రెండు మూడు కనిపించడం ఈ జాతికి మామూలు. కానీ నడుము మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు లెక్కపెట్టేలా తగిలాయంటే, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయంటే, అది మాత్రం ఆకలే. నేను దాన్ని జాతి లక్షణం అనుకుని రెండు నెలలు మురిసిపోయాను.

అప్పుడు ప్యాకెట్ మేతకు వచ్చా. మా దగ్గర పెడిగ్రీ అంటే కంపెనీ పేరు కాదు, ఏ కుక్క మేతనైనా అదే పేరుతో అడుగుతారు, కొట్టువాడు చేతికందింది ఇస్తాడు. అలా వచ్చిన మొదటి మూట ఒక మామూలు రకం, మూట వెనక ప్రొటీన్ 20 శాతం, కొవ్వు 10 శాతం అని ఉంది. పగలంతా ఇంట్లో ఉండే కుక్కకు అది చాలు, దాన్ని తప్పుపట్టను. మా వాడికి మాత్రం అరకిలో పెట్టినా బరువు ఎక్కలేదు, పైగా దొడ్డికి రోజుకు నాలుగుసార్లు, గంపెడంత. లోపలికి పోయింది ఎంత, బయటికొస్తున్నది ఎంత అని మా అమ్మ నవ్వేది.

కళ్యాణదుర్గంలో పశువుల డాక్టర్ గారు ఒక లెక్క నేర్పారు, ఫోన్‌లో ఉన్న మామూలు క్యాలిక్యులేటర్ చాలు. కుక్క బరువును దాంతోనే రెండుసార్లు గుణించు, అంటే 22 కిలోలైతే 22ను 22తో, మళ్ళీ 22తో, 10,648 వస్తుంది. దానికి వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కు, పది చిల్లర వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే దాదాపు 711. ఊరికే పడుకున్నా ఆ కుక్కకు రోజుకు కావాల్సిన కేలరీలు అవి. మామూలుగా తిరిగే కుక్కకు దానికి ఒకటిన్నర రెట్లు పైన, వీడిలా పరిగెత్తేవాడికి రెండు నుంచి రెండున్నర రెట్లు, ఇంకా కష్టపడే కుక్కలకు ఇంకా ఎక్కువ. అంటే పంట కాలంలో మా వాడికి 1,420 నుంచి 1,780 దాకా. ఇక మూట వైపు లెక్క: కుక్క మేతలో గ్రాము ప్రొటీన్‌కి మూడున్నర, గ్రాము పిండిపదార్థానికి మూడున్నర, గ్రాము కొవ్వుకి ఎనిమిదిన్నర కేలరీలు కట్టుకోవాలి. ఈ లెక్కన 20/10 మేత, అంటే ప్రొటీన్ 20, కొవ్వు 10 శాతం ఉన్నది, వంద గ్రాములకు సుమారు 310 వస్తాయి, 30/20 మేత అయితే 375 దగ్గరకొస్తాయి. ఇంకో సంగతి ఆయనే చెప్పారు, కుక్క ఎక్కువసేపు పరిగెత్తేటప్పుడు ప్రధానంగా కొవ్వునే కాల్చుకుంటుందట. నేనేమో అప్పటిదాకా ప్రొటీన్, ప్రొటీన్ అని ఒక్క అంకె మీదే పడ్డాను. మూట తిప్పి చూసేటప్పుడు పక్కనే ఉన్న కొవ్వు అంకె చూడండి.

ఆ ప్రొటీన్ పిచ్చిలోనే ఒక ఘోరం చేశా. శెనక్కాయ చెక్కలో ప్రొటీన్ ఎక్కువ కదా, ఎద్దులకు పెడతాం కదా, సంగటిలో ఒక పిడికెడు కలిపితే పోలా అని. మూడు వారాలు బాగానే తిన్నాడు. నాలుగో వారం తట్ట ముందు కూర్చుని నా ముఖం చూస్తున్నాడు, తినడం లేదు. వాంతి. మరుసటి రోజు పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పసుపు, కంటి తెలుపు కూడా పసుపు, ఉచ్చ టీ డికాషన్ రంగు. టిక్ ఫీవర్ అనుకుని బండి మీద తీసుకుపోయా, మా వైపు పిడుదులు ఎక్కువ కాబట్టి ఏ జబ్బొచ్చినా ముందు అదే అనుమానం. డాక్టర్ గారు రక్తం పరీక్షకు పంపి, ఏం పెడుతున్నావప్పా అని అడిగారు. చెక్క అని చెప్పగానే ఆయన కలం కింద పెట్టేశారు. తడి తగిలిన శెనక్కాయకు, దాని చెక్కకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది, అది కాలేయాన్ని కొడుతుంది, కుక్కలు దానికి చాలా తొందరగా పడిపోతాయి. ఉడకబెడితే పోయే విషం కూడా కాదు. వాసనకూ కంటికీ తెలియాలని లేదు. శెనక్కాయలోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఎగుమతికి పోయే కాయకు ఈ పరీక్ష చేస్తారని కూడా తెలిసినవాణ్ణి, నా కుక్క తట్ట దగ్గర మాత్రం గుర్తు రాలేదు. పదకొండు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు. బతికాడు. అందరి కుక్కలూ బతకవు. చెక్క, పుచ్చు గింజలు, తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు, మనుషులు తినలేమని పక్కన పెట్టిన ఏ గింజా కుక్కకు వేయొద్దు. చేలో రాలిన కాయలు వాడే నమిలేస్తుంటాడు, అదొక తలనొప్పి, తిడుతూ ఉంటా.

లూజు మేత కూడా కొనొద్దు. ఒకసారి డబ్బు కలిసొస్తుందని ఒక కొట్టులో విప్పిన బస్తాలోంచి ఐదు కిలోలు తూయించుకున్నా. ఇంటికొచ్చి కవరు విప్పితే పాత నూనె డబ్బా వాసన. కొవ్వు ఎక్కువున్న మేత గాలి తగిలితే అలాగే కంపు పడుతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. మూట విప్పాక మూటతో సహా స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తా, రేకుల షెడ్డులో పెట్టను.

ఇప్పుడు రెండేళ్ళుగా వాడుతున్నది 30/20 రకం, ఎక్కువ పని చేసే కుక్కల కోసం అని రాసి ఉండేది. మొదటి పదార్థం చికెన్ మీల్, అంటే ఎండబెట్టి పొడి చేసిన కోడిమాంసం, అని ఉండటం చూసి తీసుకున్నా. పాత మేతలో కొంచెం కొంచెంగా కలుపుతూ పది రోజుల్లో మార్చా, ఒకేసారి మారిస్తే విరేచనాలు ఖాయం. మేత ఒంటికి పట్టిన తేడా నెలన్నర తర్వాత తెలిసింది: వెంట్రుక నునుపు తేలింది, దొడ్డికి రోజుకు రెండుసార్లకు తగ్గింది, గట్టిగా వస్తోంది, అన్నిటికన్నా ముఖ్యం, తెల్లారుజామున మూడింటికి పందులొస్తే లేస్తున్నాడు. ముందు ఏడాది ఆ టైముకు తల ఎత్తి చూసి మళ్ళీ పడుకునేవాడు, సోమరితనం అనుకుని కేకలేశా, పాపం.

కానీ కిలో 550 రూపాయలు, పూర్తిగా దాని మీదే మేపితే నెలకు ఏడు వేల దాకా అవుతుంది, అది మన వల్ల అయ్యే పని కాదు. అందుకని సగం మేత, సగం వంట. ఇక్కడ మా చికెన్ కొట్టు భాయ్ పుణ్యం చాలా ఉంది. అందరూ స్కిన్‌లెస్ అడుగుతారు, ఆ స్కిన్ అంతా పారబోతకే. "భాయ్, స్కినూ మెడలూ నాకు పక్కన పెట్టు" అంటే మొదట్లో అనుమానంగా చూశాడు. "ఏమప్పా, హోటల్ పెట్టినావా?" అన్నాడు. కుక్కకని చెప్పాక కిలో అరవైకి ఇస్తున్నాడు, కార్జం, కందనకాయ కూడా కాస్త వేస్తాడు. కార్జం వారానికి రెండుసార్లు, రెండు ముక్కలు మించి పెట్టను, రోజూ పెడితే విటమిన్ ఏ ఎక్కువై అదో జబ్బు.

వంట అంటే పెద్దగా ఏమీ లేదు. స్కినూ మెడలూ 150 గ్రాములు కుక్కర్లో, ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లిపాయ అసలు లేదు, అది కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. అందుకే మిగిలిన పులుసు కూడా పోయను. మెడ ఎముకలు పిండిలా నలిగేదాకా ఉడకనిస్తా, వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే సుద్దముక్కలా పొడి కావాలి, కాకపోతే తీసేస్తా. మామూలుగా వండిన బొమిక పగిలితే సూది మొనలా ఉంటుంది, మొదటి ఏడాది వేసిన బొమికలు తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. ఆ నీళ్ళ మీద పసుపు రంగులో నూనె తేలుతుంది చూడండి, అదే అసలు సరుకు, ఆ నీళ్ళలోనే వంద గ్రాముల రాగి పిండి వేసి సంగటి గెలుకుతా. చల్లారాక ముద్ద చిదిమి, గుడ్డు ఒకటి, పైన 200 గ్రాముల మేత. మొత్తం లెక్క 1,550 దగ్గర. మా అమ్మ చూసి, "ఏమిరా నాయనా, మనం తినే సంగటిలో ఇంత సారం లేదు కదరా" అంటుంది, ఆమె మాటా నిజమే.

ఏం పెట్టామన్నది సగమే, ఎప్పుడు పెట్టామన్నది మిగతా సగం. రాత్రి కాపలాకు పోతాడు కదా అని ఏడింటికి కడుపు నిండా పెట్టేవాణ్ణి. ఒకరోజు మొదటి పరుగుకే అంతా కక్కేసి, పొట్ట బిర్రుగా పట్టుకుని నిలబడ్డాడు. ఛాతీ లోతుగా ఉండే ఇలాంటి కుక్కలకు నిండు కడుపుతో పరిగెత్తితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అలా మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ చేసేవాళ్ళు మన పల్లెలకు ఎంత దూరంలో ఉంటారో మీకే తెలుసు. ఆ రోజు మెలిపడలేదు, అదృష్టం. అప్పటి నుంచి పెద్ద భోజనం తెల్లారి కాపలా దిగాక, అది కూడా రొప్పు తగ్గి, నీళ్ళు కొంచెం కొంచెంగా తాగి, గంట పడుకున్నాకే. మధ్యాహ్నం రెండింటికి చిన్న ముద్ద. రాత్రి ఏమీ లేదు, చేలో బకెట్ నీళ్ళు మాత్రం. మొదటి వారం ఏడింటికి తట్ట దగ్గర కూర్చుని కుయ్‌కుయ్ అన్నాడు, తర్వాత మానేశాడు.

పంట అయిపోయాక తగ్గించాలి, ఇది నేను ఒక ఏడాది మరిచిపోయి సంక్రాంతికల్లా 25 కిలోలు చేశా. ముధోల్‌కి నడుము కనపడకపోతే చూడ్డానికి కూడా బాగోదు, కీళ్ళకూ మంచిది కాదు. ఇప్పుడు ఖాళీ నెలల్లో స్కిన్ తీసేసి ఉత్త మాంసం ముక్కలు, మేత 80 గ్రాములకు దించేస్తా, సంగటి అలాగే, గుడ్లు రెండు. ఎండాకాలం 42, 43 డిగ్రీలప్పుడు వాడే సగం వదిలేస్తాడు, మజ్జిగ సంగటి అయితే నాకేస్తాడు. మళ్ళీ శ్రావణమాసం నుంచే మెల్లగా పెంచడం మొదలుపెట్టాలి, పందులొచ్చాక పెంచుదాం అంటే ఆలస్యం, ఒంటికి అలవాటు పడటానికి నెల పైనే పడుతుంది.

ఖర్చు రోజుకు పంట కాలంలో 130 రూపాయలు, మిగతా నెలల్లో 70 లోపు. 12 కిలోల మూట కాపలా రోజుల్లో సరిగ్గా రెండు నెలలు వస్తుంది. 30/20 మేతకు ఐదుకు నాలుగు ఇస్తా, ఒకటి కోత ధరకు, ఇంకా మా కళ్యాణదుర్గంలో దొరక్క అనంతపురం నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవాల్సి రావడానికి. చికెన్ స్కిన్ సంగటికి ఐదుకు ఐదు. నిన్న తూకం 22 కిలోల 300. ఈసారి భాయ్ కొట్టుకు నాకన్నా ముందు ఇంకో ఇద్దరు స్కిన్ కోసం వచ్చి పోయారట, కిలో ఎనభై చేస్తానంటున్నాడు, బేరం నడుస్తోంది.