బ్రూక్స్ ఫాల్స్ ఎలుగుబంట్ల లైవ్ కెమెరాలు: కొన్ని సీజన్లు వదలకుండా చూశాక

అలాస్కాలోని కాట్మై నేషనల్ పార్క్‌లో బ్రూక్స్ అని ఒక చిన్న నది ఉంది. రెండు సరస్సులను కలుపుతూ రెండున్నర కిలోమీటర్లు కూడా పారదు, మధ్యలో మనిషంత ఎత్తు జలపాతం. సముద్రం నుంచి వచ్చే సాల్మన్ చేపలు ఆ జలపాతాన్ని ఎగిరి దాటాలి, దాటేలోపు పట్టుకోవడానికి ఎలుగుబంట్లు అక్కడ కాపు కాస్తాయి. 2012 నుంచి ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ అనే సంస్థ పార్క్‌తో కలిసి దీన్నంతా లైవ్‌లో చూపిస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, వాళ్ళ సైట్‌లో ప్రకటనల బెడద లేదు. నేను 2020 లాక్‌డౌన్‌లో చూడటం మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దీన్ని వీడియోలాగా చూస్తే నచ్చదు. పది నిమిషాలు తెరిచి, నురుగు నీళ్ళు తప్ప ఏమీ కనబడక "ఇందులో ఏముంది?" అని మూసేసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. సీజన్ పొడుగునా రోజూ కాసేపు పెట్టుకుని, ఒకటి రెండు ఎలుగుల్ని గుర్తుపట్టి, అవే మళ్ళీ మళ్ళీ కనబడుతుంటే వాటికి ఏమవుతోందో పట్టించుకుంటే మాత్రం, ఇంత విలువైనది ఇంటర్నెట్‌లో నాకు ఇంకోటి దొరకలేదు. డాక్యుమెంటరీలో ఎలుగు నోరు తెరిచిన మరుక్షణం చేప వచ్చి నోట్లో పడుతుంది. ఇక్కడ జలపాతం అంచు మీద, దాన్నే అందరూ లిప్ అంటారు, అరగంట నుంచి కదలకుండా నిలబడ్డ ఎలుగు ముక్కు పక్క నుంచే చేపలు దూకిపోతుంటాయి, అది మెడ చాచేసరికి దాటిపోతాయి, ఒక్కోసారి చేప నేరుగా మొహానికే కొట్టుకుని కింద పడుతుంది. చివరికి ఒకటి దొరికిందనుకోండి, మీరు కూడా ఆ అరగంటా ఎదురుచూసి ఉంటారు కాబట్టి ఆ ఆనందం వేరేగా ఉంటుంది.

టైమింగ్ సంగతి చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. వేసవిలో అలాస్కా మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. జూలైలో అక్కడ తెల్లారేసరికి మనకు రాత్రి ఏడు, అక్కడ చీకటి పడేసరికి మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే ఆఫీసు నుంచి వచ్చి భోజనం చేసి కూర్చుంటే అక్కడ పొద్దున, మన పొద్దుటి కాఫీ వేళకు అక్కడ సాయంత్రం. మన మధ్యాహ్నం పూట తెరిస్తే చీకటే, లేదా పాత రికార్డింగులు వేస్తారు. వాటిని చూసి లైవ్ అనుకోవడం కొత్తవాళ్ళందరికీ జరిగేదే, స్క్రీన్ మీద హైలైట్స్ అని రాసి ఉందేమో ముందు చూసుకోండి. డల్లాస్‌లో ఉన్న మా అక్కకి మూడు గంటల తేడానే కాబట్టి తను లంచ్ టైంలో చూస్తుంది.

కెమెరాలు చాలా ఉన్నాయి. ఫాల్స్ మీదది అందరూ చూసేది. దాని కిందే ఇంకొకటి నీటి మట్టానికి దగ్గరగా ఉంటుంది. నది కింది భాగంలో వంతెన వైపు వేరేవి, డంప్లింగ్ అనే కొండ మీద ఒకటి, నీళ్ళలో ఒకటి. నా ఓటు నీళ్ళలో ఉన్నదానికి. జూలైలో పెద్దగా తెలియదు కానీ సెప్టెంబరులో దాని ముందు నుంచి వరసగా చేపలు పోతుంటాయి. సముద్రంలో వెండిలా ఉండే సాకై సాల్మన్ అప్పటికి ఒళ్ళంతా ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారి, మగదానికి మూపు లేచి, మూతి కొక్కెంలా వంగి ఉంటుంది. నదిలోకి వచ్చాక అది తిండి మానేస్తుంది, ఒంట్లో ఉన్నదాంతోనే అంత దూరం ఎదురీదుతుంది. ఉన్నట్టుండి ఆ ఎర్ర గుంపు చెదిరిపోతుంది, బురద లేస్తుంది, కుడివైపు నుంచి పెద్ద పెద్ద గోళ్ళున్న పాదం ఒకటి అడుగున మెల్లగా ఆనుతుంది. ఎలుగు తల నీళ్ళలో ముంచి చెవుల దాకా మునిగి వెతుకుతూ పోతుంటే దాని మూతి నుంచి బుడగలు వస్తుంటాయి. మొదటిసారి అది చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను.

గోదారికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో పులస సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది కదా, సాల్మన్‌దీ అలాంటి ప్రయాణమే. కానీ సాకై గుడ్లు పెట్టాక తిరిగి సముద్రానికి పోదు. అన్నీ అక్కడే చచ్చిపోతాయి. బ్రిస్టల్ బే అనే ఆ ప్రాంతానికి వచ్చినన్ని సాకై ప్రపంచంలో ఇంకెక్కడికీ రావు. ఆ మూలంగానే అంత పెద్ద ఎలుగులు, మామూలుగా ఒంటరిగా తిరిగే జంతువులు, ఒకే జలపాతం దగ్గర పదీ పన్నెండు చేరి ఒకదాన్నొకటి భరిస్తాయి. ఎవరు ఎక్కడ నిలబడాలన్నదానికి పద్ధతి ఉంది. మంచి చోటు బలవంతుడిది. జలపాతం కింద నీళ్ళు సుళ్ళు తిరిగే గుంటను జకూజీ అంటారు, పెద్ద మగవి ఎక్కువగా అక్కడుంటాయి. వాటిలో 747 నంబరు ఎలుగు నడిచి వస్తే చాలు, పోట్లాట కూడా అక్కర్లేదు, మిగతావి తలలు పక్కకు తిప్పుకుని జరుగుతాయి. దాని బరువు ఆరువందల కిలోలు దాటుతుందని అంచనా. ఆ నంబరు పార్క్ వాళ్ళు వరసలో ఇచ్చిందే, విమానాన్ని చూసి పెట్టింది కాదు, అయినా సరిగ్గా కుదిరింది.

నాకు ఇష్టమైనది 480, ఓటిస్. ముసలివాడు, కోరపళ్ళు కొన్ని పోయాయి, చిన్నవాళ్ళతో తలపడే ఓపిక లేదు. జలపాతానికి అవతలి ఒడ్డు దగ్గర తన చోట కూర్చునేవాడు, దాన్ని ఓటిస్ ఆఫీసు అనేవాళ్ళు. కూర్చుని అలా నీళ్ళలోకి చూస్తూనే ఉండేవాడు, నిద్రపోయాడేమో అనిపించేది, అంతలో తల వంచి చేప తీసేవాడు. పరుగు లేదు, ఎగరడం లేదు, నీళ్ళు చిందించడం కూడా లేదు. పక్కన కుర్రవాళ్ళు నదంతా గాలించి అలిసిపోయేలోపు ఈయన పని పూర్తయ్యేది. 2021లో చాలా ఆలస్యంగా, ఎముకలు కనబడేంత చిక్కిపోయి వచ్చాడు, ఆ ఏడాది ఇక కష్టమే అనుకున్నాను. సెప్టెంబరుకల్లా పొట్ట నేలకు తాకేలా అయ్యాడు. 2023 తర్వాత వాడు కనబడలేదు. 2024లో రోజూ ఫాల్స్ కెమెరా తెరవగానే నా కళ్ళు ముందు ఆ ఒడ్డుకే పోయేవి.

తినే తీరు కూడా చూడాల్సిందే. సీజన్ మొదట్లో ఆకలి మీద ఉన్న ఎలుగు చేపను తలా తోకా వదలకుండా నమిలేస్తుంది. చేపలు విరివిగా దొరికే రోజుల్లో అలా కాదు. చేపను ముందరి కాలితో రాతికి అదిమి పట్టి, పళ్ళతో తోలు అంచు అందుకుని ఒక్క లాగుడుకి ఒలిచేస్తుంది, తోలు తింటుంది, మెదడు తింటుంది, ఆడ చేపైతే గుడ్లు తింటుంది, మిగతా కండను నీళ్ళలో వదిలేస్తుంది. కొవ్వు ఎక్కువుండే భాగాలు అవే మరి. వదిలేసిన ముక్కల కోసం సముద్రపు కాకులు పైనే తిరుగుతుంటాయి, జలపాతం దగ్గరికి రావడానికి ధైర్యం చాలని కుర్ర ఎలుగులు కింద కాపు కాసి ఏరుకుంటాయి. చలికాలమంతా గుహలో తిండీ నీళ్ళూ లేకుండా గడిపి, ఒంటి బరువులో మూడో వంతు దాకా పోగొట్టుకోవాలి కాబట్టి ఈ నాలుగు నెలల్లో తిన్నదే ఏడాది తిండి. ఇది తెలిసి చూస్తే దొంగతనం చేసిన ఎలుగు మీద కూడా కోపం రాదు.

అందరూ జూలై చూడమంటారు, చేపలు ఎగిరేది అప్పుడే కాబట్టి. నేను సెప్టెంబరే చూడమంటాను. ఆగస్టులో ఎలుగులు వేరే వాగులకు పోయి నది దాదాపు ఖాళీ అవుతుంది, అప్పుడు విసుగొచ్చి మానేస్తారు. సెప్టెంబరులో తిరిగి వస్తాయి, గుర్తుపట్టలేనంత మారిపోయి. జూలైలో బొచ్చు ఊడి, పక్కటెముకలు తేలి, ఒంటినిండా గాయాలతో ఉన్నదేనా ఇది అనిపిస్తుంది. నీళ్ళు నెమ్మదిస్తాయి, చచ్చిపోతున్న చేపలు కొట్టుకొస్తుంటాయి, పోట్లాటలు తగ్గుతాయి, ఎలుగులు ఒడ్డున గుంట తవ్వుకుని పొట్ట అందులో ఆనించి పడుకుంటాయి.

ఇక కష్టమైన సంగతి. పిల్లలతో చూసేవాళ్ళకు ఇది ముందే చెప్పాలి. ఇక్కడ చావు కూడా లైవ్‌లోనే వస్తుంది. 2024 జూలైలో గ్రేజర్ అనే 128 నంబరు తల్లి ఎలుగు పిల్లలు రెండూ జలపాతం మీద నుంచి కొట్టుకుపోయి కింద చంక్ అనే 32 నంబరు మగ ఎలుగుకు చిక్కాయి. గ్రేజర్ ఆ కొండలాంటి మగదాని మీదికి దూకింది, పోరాడింది, అయినా ఒక పిల్ల దక్కలేదు. ఆ రోజు నేను నిద్రపోలేదు. అదే ఏడాది సెప్టెంబరు చివర 469 అనే మగ ఎలుగు 402 అనే వయసు మళ్ళిన ఆడ ఎలుగును నదిలో చంపింది, కెమెరా ముందే. రేంజర్లు అడ్డుపడరు. ఇది అడవి, జూ కాదు, ఎలుగుల మధ్య జరిగేదాంట్లో మనుషులు కలగజేసుకోకూడదన్నది పార్క్ విధానం. ఆ విధానం సరైనదే అని నేను నమ్ముతాను, నమ్మినా చూడటం తేలిక కాలేదు. అదే నదిలో హోలీ అనే 435 నంబరు తల్లి 2014లో తన పిల్లతో పాటు ఇంకో తల్లి వదిలేసిన ఏడాది పిల్లను కూడా చేరదీసి పెంచింది. ఆ పిల్ల తల్లి ఎవరో కాదు, 402. ఇవన్నీ రెండున్నర కిలోమీటర్లు కూడా లేని ఆ ఒక్క నదిలోనే జరిగాయి.

ఫ్యాట్ బేర్ వీక్ గురించి అందరూ అడుగుతారు. 2014లో అప్పటి రేంజర్ మైక్ ఫిట్జ్ ఒక్క రోజు సరదాగా మొదలుపెట్టిన పోటీ, మరుసటి ఏడాది నుంచి వారమైంది, ఇప్పుడు పది లక్షలకు పైగా ఓట్లు పడుతున్నాయి. ఎవరు బాగా ఒళ్ళు చేశారో జనం తేలుస్తారు. ఓటిస్ నాలుగుసార్లు గెలిచాడు. 2024 ఫైనల్లో గ్రేజర్ ఓడించింది ఆ చంక్‌నే. 2025లో ఆ చంక్ విరిగిన దవడతో వచ్చాడు, కింది దవడ పక్కకు వేలాడుతుంటే ఎలా తింటాడా అని సీజనంతా టెన్షన్ పడ్డాం, చివరికి గెలిచింది వాడే. నేనూ ఓటేస్తాను. కానీ ఆ వారం ఒక్కటే చూసి, ముందూ వెనకా ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి మెచ్చుకుని వెళ్ళిపోతే, ఆ రెండు ఫొటోల మధ్య వాడు పడిన పాట్లన్నీ మీకు తెలియకుండానే పోతాయి.

లోపాలు ఉన్నాయి. అక్కడ కరెంటు సోలార్, గాలిమర మీద ఆధారపడుతుంది, వరసగా మబ్బు పడితే కెమెరాలు ఆగుతాయి, సరిగ్గా ముఖ్యమైన రోజునే ఆగుతాయి. లెన్స్ మీద వాన చుక్కలు పడితే అవి ఆరేదాకా అంతే. కెమెరా తిప్పేది వాలంటీర్లు, దూరం నుంచి. చాలా శ్రద్ధగా చేస్తారు, కానీ మనం చూస్తున్న ఎలుగు మీద నుంచి సరిగ్గా పోట్లాట మొదలయ్యేటప్పుడు పక్కకు తిప్పితే ఉసూరుమంటుంది. స్క్రీన్ మీద ఎలుగు పేరు రాయరు. రేంజర్లు అప్పుడప్పుడు వచ్చి మాట్లాడే కార్యక్రమాలు నిజంగా బాగుంటాయి, అన్నీ ఇంగ్లిష్‌లోనే, మా అమ్మకి నేను పక్కన కూర్చుని చెప్పాల్సిందే. అమ్మది శ్రీకాకుళం, ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుల మాటలు వింటూ పెరిగింది, మొదట్లో స్క్రీన్ దగ్గరికి రావడానికే ఇష్టపడలేదు. మనవాటి జాతి వేరు, అవి చలికాలం నిద్రపోవు, చేపల మీద బతకవు, చెదల పుట్టలు తవ్వుకుంటాయి. ఇప్పుడు గ్రేజర్‌ని చెవుల రంగు చూసి నాకంటే ముందు గుర్తుపడుతుంది.

డేటా సంగతి: మొబైల్ నెట్ మీద గంటల తరబడి పెడితే రోజు కోటా అయిపోతుంది, వైఫై ఉంటేనే మంచిది, లేదంటే క్వాలిటీ తగ్గించుకోండి. శబ్దం మాత్రం తీసేయకండి. ఏ ఎలుగు వస్తోందో తెలియకముందే పక్కనున్న తల్లి ఊపిరి బుసకొట్టడం వినిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు జూలై మొదటి వారంలో రాత్రి ఎనిమిదికి ఫాల్స్ కెమెరా తెరవండి. లిప్ మీద ఎవరున్నారో, వాళ్ళ చెవుల రంగు, మొహం మీది మచ్చలు, చేప పట్టే పద్ధతి ఓ నాలుగు రోజులు చూడండి. పార్క్ వాళ్ళు ఎలుగులన్నిటి ఫొటోలు, నంబర్లు, గుర్తులతో ఒక పుస్తకం ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. ముందే అది తెరవకండి. ఒక్కదాన్నైనా మీ అంతట మీరు గుర్తుపట్టాక దాని పేరేంటో అందులో వెతుక్కోండి.