వెలుగు ఎక్కువ, అదుపు తక్కువ: ఒక డైవింగ్ టార్చి గురించి

రాత్రి డైవింగ్‌కు వాడే చేతి టార్చి ఇది. సన్నని తెల్ల వెలుగు, 120 డిగ్రీల వెడల్పు వెలుగు, ఎరుపు వెలుగు, మూడూ ఒకే తలలో ఉన్నాయి. డబ్బా మీద 2,500 ల్యూమెన్లని (ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుగుకు కొలత) పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. చాలామంది ఆ అంకె చూసే కొంటారు. చీకటి పడ్డాక ఆ అంకె మనకన్నా నీళ్లలోని పురుగూ పుట్రకే ఎక్కువ పనికొస్తుంది.

వెడల్పు వెలుగు పెట్టి ఒకేచోట కాసేపు ఆగి చూడండి. ముందుగా కోపిపాడ్లు వస్తాయి. మిల్లీమీటరో రెండో ఉండే నలుసులు, ఈదినట్టు కాక గెంతినట్టు కదులుతాయి. వెనకే మైసిడ్లు. ఒళ్లంతా పారదర్శకం కాబట్టి ముందు కళ్లే కనిపిస్తాయి, తరవాతే రొయ్య ఆకారం. అప్పుడప్పుడూ లార్వా దశ చివర్లో ఉన్న పీతపిల్ల వచ్చి గ్లవ్ మీద వాలుతుంది. ఆ వయసుకే దానికి డెక్కలు ఉంటాయి.

అన్నిటికన్నా మొండివి నెరీడ్ పురుగులు. జతకట్టే రోజుల్లో ఇవి అడుగు వదిలి పైకి ఈదుతాయి. చాలా జాతుల్లో ఆ రోజులు చంద్రుడి దశలను బట్టి వస్తాయి. అప్పటికి పక్క కాళ్లు తెడ్లలా వెడల్పయి ఉంటాయి. టార్చి గాజుకు తల ఆనించి గిరగిరా తిరుగుతూ అక్కడే వీర్యమో గుడ్లో వదిలేస్తాయి. గాజు ముందు నీరు పల్చగా తెల్లబడుతుంది. మాస్కు అంచుల్లోకి, చేతి పట్టీల్లోకి దూరేవి కూడా ఇవే. పురుగులంటే ఒళ్లు జలదరించేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

పగలు చేపల కంట పడకుండా లోతుల్లోనో అడుగునో ఉండి, పొద్దుగూకాక పైకొచ్చే జీవులు వీటిలో చాలా ఉన్నాయి. ఎక్కువ వాటి కళ్లకు నీలి, ఆకుపచ్చ వెలుగులే బాగా ఆనతాయి. తెల్ల ఎల్‌ఈడీలో నీలం దండిగా ఉంటుంది, పైగా శుభ్రమైన సముద్రపు నీటిలో చాలా దూరం పోయేదీ అదే. ల్యూమెన్లు పెంచే కొద్దీ ఇంకా దూరం నుంచి పిలుస్తున్నామన్నమాట. ఆ గుంపు కోసం చిన్న చేపలు, వాటి కోసం సింహచేపలు (లయన్‌ఫిష్) పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తాయి. మీరు ఏ చేప మీద వెలుగు నిలిపితే దాన్నే పట్టుకుపోయే గడుసుతనం సింహచేపది.

అందుకే ఈ టార్చిలో నాకు నచ్చింది ఎరుపు వెలుగే. ఎరుపును నీరు త్వరగా మింగేస్తుంది కాబట్టి అది చేతికందే దూరం వరకే పనిచేస్తుంది. అయినా ఆ కాస్త దూరంలో రొయ్యలు బెదరవు, నలుసులు మూగవు, దగ్గరి నుంచి తీసే ఫొటోల్లో తెల్ల చుక్కలు బాగా తగ్గుతాయి.

విసుగు పుట్టించేది మీట. ఉన్నది ఒక్కటే, వేసిన ప్రతిసారీ పూర్తి వెడల్పు వెలుగుతోనే మొదలవుతుంది. ఎరుపు దాకా చేరాలంటే మిగతావన్నీ దాటాలి. చడీచప్పుడు లేకుండా చూద్దామనుకున్న ఆక్టోపస్ ముఖాన ముందు 2,500 ల్యూమెన్లు కొట్టి, ఆ తరవాత మర్యాదగా ఎరుపుకు దిగడమన్నమాట. ఇది రూపొందించినవారు ఒక్క రాత్రయినా దీనితో నీళ్లలోకి దిగారా అని నాకు అనుమానం. అన్నిటికన్నా తక్కువ తెల్ల వెలుగు కూడా 400 ల్యూమెన్లు, దగ్గరి చూపుకు అదీ ఎక్కువే.

బ్యాటరీకి వంక లేదు. నీటిని ఆపే రబ్బరు వలయాలు, అంటే ఓ-రింగులు, రెండున్నాయి, లోపలికి నీరు చేరలేదు.

ప్లవకాలనే, అంటే నీటిలో తేలుతూ తిరిగే ఇలాంటి చిన్న జీవులనే చూడాలనుకునేవారికి మాత్రం లోపమే లాభం. తాడుకు కట్టి పూర్తి వెలుగుతో కిందికి వేలాడదీసి, కాస్త ఎడంగా ఉండి చూడండి. హవాయిలోని కోనా తీరంలో సముద్రపు అడుగున దీపాలు పెట్టి ప్లవకాలను పోగుచేస్తారు, వాటిని తినడానికి మాంటా రే చేపలు వస్తాయి. చేత్తో పట్టుకునేటట్లయితే ముఖానికి దూరంగా, చేయి చాపి పట్టుకోండి. గుంపు చిక్కబడితే గాజును ఛాతీకి ఆనించి వెలుగు మూసేయండి, కాసేపటికి చెదిరిపోతాయి.

వీడియో తీసేవారు నిశ్చింతగా కొనవచ్చు. నా వరకు ఐదుకు మూడు నక్షత్రాలు. ఎరుపుకు విడిగా ఒక మీట పెడితే నాలుగున్నర ఇస్తాను.