గుంటూరు పొగలో ఎయిర్ ప్యూరిఫైయర్: మూడేళ్ళ వాడకం తర్వాత

మా బాబుకి చలికాలం వస్తే పిల్లికూతలు. మందులు రాస్తూ డాక్టరుగారు పొగ తగలనివ్వద్దన్నారు. మేముండేది గుంటూరు కొరిటెపాడు వైపు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో సాయంత్రమైతే చెత్త తగలబెడతారు, పొద్దున్నే పక్కింటి నీళ్ళ బాయిలర్ రాజుకుంటుంది. ఇక పొగ తగలకుండా ఎలా చూస్తాం? అందుకే ప్యూరిఫైయర్ కొన్నాం. మూడేళ్ళుగా వాడుతున్నాం కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

ముందు మంచి. మా పడకగది పది బై పన్నెండు. మెషిన్ సీఏడీఆర్ (ఎంత గాలి శుభ్రం చేసి వదులుతుందో చెప్పే లెక్క) గంటకు 250 ఘనపు మీటర్లు, అంటే గదిలో గాలంతా గంటకు ఏడుసార్లు ఫిల్టర్ గుండా పోతుందన్నమాట. తలుపులు మూసి పెద్ద స్పీడులో అరగంట వేస్తే మెషిన్ మీద కనబడే పీఎం 2.5 అంకె, అంటే ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి నుసి లెక్క, ఇరవై లోపుకి దిగుతుంది. మన దేశంలో రోజు సగటుకు పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2021లో చెప్పింది 15. ఆ లెక్కన రాత్రి నిద్ర వరకూ పైసా వసూలే. బాబు దగ్గు తగ్గింది, కానీ మందులు మానలేదు కాబట్టి ఘనతంతా మెషిన్‌కే ఇవ్వను. కరెంటు బిల్లులో తేడా పెద్దగా తెలియదు. పెద్ద స్పీడులో మోత మాత్రం ఎక్కువ, కాబట్టి పడుకునే ముందే వేసి తర్వాత తగ్గిస్తాం.

ఇక చెడు. మెషిన్‌లో ఉండే హెపా ఫిల్టర్ (సన్నటి నుసిని ఆపే మడతల పొర) పట్టేది నుసినే, వాయువుల్ని కాదు. వెనక ప్లాస్టిక్ కవర్లు, పైపు ముక్కలు కాలినప్పుడు అంకె దిగుతుంది గానీ గొంతులో మంట, ఆ వాసన అలాగే ఉంటాయి. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, డయాక్సిన్లనే విష పదార్థాలూ పుడతాయి. వాసన లాగడానికని ఇచ్చిన కార్బన్ పొర మా మెషిన్‌లో పల్చటి జల్లెడలా ఉంది, కొద్ది నెలలకే దాని పని అయిపోయింది. కార్బన్ మోనాక్సైడ్‌ని అయితే ఈ రెండు పొరలూ ఆపవు. బాలింత గదిలో కుంపటి పెట్టి, ప్యూరిఫైయర్ ఉంది కదా అని తలుపులు బిగించేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. అంకె పచ్చగా కనబడుతూనే ప్రాణం మీదకు రావచ్చు.

నాకు ఎక్కువ పనికొచ్చింది నిజానికి దాని మీదున్న అంకె. ఎండుమిరపకాయలతో తాలింపు వేస్తే హాల్లో కూడా ఎర్ర లైటే. స్నానం చేయించాక పిల్లలకు వేసే సాంబ్రాణీ అంతే. అన్నిటికన్నా దోమల కాయిల్ చూసి గుండె జారింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, డెబ్బై అయిదు నుంచి నూట ముప్ఫై ఏడు సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో ఒక పరిశోధనలో లెక్క తేలింది. కాయిల్ మానేసి కిటికీలకు మెష్ కొట్టించాం, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. ఆ రెండింటి ఖర్చు మెషిన్ ఖరీదులో సగం కూడా కాలేదు.

బాయిలర్ సంగతి వేరు. పక్కింటి పిన్నిగారికి మెల్లగా చెప్పి చూశాను. "రెండు పాల కవర్లు వేస్తే గానీ డొక్కలు అంటుకోవమ్మాయ్, ఎన్నేళ్ళ నుంచి వేస్తున్నాం, ఎవరికేమైంది?" అన్నారు. ఏమంటాం! పోయినేడు వాళ్ళబ్బాయి గీజర్ పెట్టించాడు. ఆ వారం నుంచి పొద్దుటి అంకె పడిపోయింది చూడండి, మెషిన్ ఎన్ని గంటలు తిరిగినా అంత తేడా రాలేదు.

వెనక స్థలంలో మంట మాత్రం ఆగలేదు. బయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. గుంటూరు, విజయవాడ రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి కూడా. మా వీధిలో ఊడ్చిన ఆకులు, వాటితో పాటు కవర్లు, అన్నీ ఒక కుప్ప, ఒక అగ్గిపుల్ల. బండి వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. చలికాలంలో పొగ పైకి లేవదు, ఇళ్ళ మధ్యే పరుచుకుంటుంది. భోగి తెల్లవారుజామున టైర్లు కాలే వీధిలో ఉంటే మెషిన్ మీద ఆశ పెట్టుకోకండి, పిల్లవాణ్ణి తీసుకుని ఊరెళ్ళిపోవడమే మేలు. మేమదే చేస్తున్నాం.

కొనేవాళ్ళు పెట్టె వెల కన్నా ముందు ఫిల్టర్ వెల అడగండి. "మార్చండి" అని వెలిగే లైటు చాలా మెషిన్లలో గంటలు లెక్కపెడుతుందే తప్ప ఫిల్టర్ మురికి చూడదు. మాది సంక్రాంతి దాటేసరికి నల్లబడుతుంది, లైటు వెలిగేది ఎండాకాలంలో. సెన్సర్ కన్ను దగ్గర దుమ్ము పేరుకుంటే అంకె తప్పు చెబుతుంది, నెలకోసారి పొడి దూదిపుల్లతో తుడవాలి. చవగ్గా దొరికే వేరే కంపెనీ ఫిల్టర్ తెప్పిస్తే అంచుల్లో సందు లేకుండా కూర్చుంటోందో లేదో చూసుకోండి, సందుంటే గాలి పక్కనుంచే జారిపోతుంది.