ముక్కు ఆపరేషన్ తర్వాత మెగ్నీషియం సిట్రేట్: ఆరు నెలలు వాడాక

సెప్టోప్లాస్టీ (ముక్కు లోపలి వంకర గోడను సరిచేసే ఆపరేషన్) తర్వాత వాడే సప్లిమెంట్లలో ఒక్కటే ఉంచుకోమంటే నేను మెగ్నీషియం సిట్రేట్ పొడినే ఉంచుకుంటాను. మొదలుపెట్టింది నిద్ర కోసమే. అది చేసిన అసలు మేలు మాత్రం విరేచనం సాఫీగా అయ్యేలా చూడటం.

ఇది చిన్న విషయం కాదు. ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులు పేగుల కదలికను మందగింపజేస్తాయి. ముక్కు మూసుకుపోయినప్పుడు మింగడం కష్టమని నీళ్లు తగ్గించేస్తాం. మూడో రోజుకల్లా మలం గట్టిపడుతుంది. అప్పుడు గట్టిగా ముక్కితే తలలోని సిరల్లో ఒత్తిడి పెరిగి, మానుతున్న చోట మళ్లీ రక్తం కారొచ్చు. చీదొద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు అని సర్జన్లు చెప్పేదీ ఇందుకే. సిట్రేట్ పేగుల్లోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది.

పడుకోవడానికి గంట ముందు, పెద్ద గ్లాసు నీళ్లలో 100 మిల్లీగ్రాముల మెగ్నీషియంతో మొదలుపెట్టాలి. రెండు రోజులు చూసి, అవసరమైతే 200 చేయొచ్చు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు సిట్రేట్ మొత్తం బరువు. అందులో మెగ్నీషియం 16 శాతం దాకానే ఉంటుంది. వెనక చిన్నక్షరాల్లో 'ఎలిమెంటల్' అని ఉన్నదే లెక్క. తొందరపడి మొదటి రాత్రే 400 తాగితే నీళ్ల విరేచనాలు పట్టుకోవచ్చు. నోటితో ఊపిరి పీల్చి అప్పటికే ఎండిన నోరు పూర్తిగా పిడచకట్టుకుపోతుంది.

అసలు చిక్కు యాంటీబయాటిక్‌తో. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి కడుపులో మెగ్నీషియాన్ని అంటిపెట్టుకుంటాయి. అప్పుడు రక్తంలోకి చేరాల్సిన మందులో చాలా భాగం వృథాగా బయటకు పోతుంది. మాత్రా పొడీ రెండూ రాత్రివే కాబట్టి ఒకేసారి వేసేసుకోవడం చాలా తేలిక. పైకి ఏ తేడా తెలియదు, నాకు భయం అక్కడే. మాత్ర వేసుకున్న రెండు గంటలకు పొడి తాగాలి. పొడి ముందు తాగేస్తే మాత్రకు ఆరు గంటలు ఆగడం మంచిది. జింకు, ఐరన్, కాల్షియం మాత్రలతోనూ ఇదే గొడవ. అమాక్సిసిలిన్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఇక నిద్ర. మొదట్లో దీంతో నిద్ర బాగా పడుతోందని చాలామందికి చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ముక్కులో స్ప్లింట్లు (ఆపరేషన్ తర్వాత గోడకు ఆసరాగా పెట్టే పలుచని బిళ్లలు) ఉన్నన్నాళ్లూ నిద్ర ముక్కలు ముక్కలుగానే సాగింది. అవి తీశాకే తేడా తెలిసింది. ఆ వారమంతా ఎంతో కొంత నిద్ర పట్టిందంటే, తలవైపు 30 డిగ్రీల ఎత్తు పెట్టుకోవడం, పడుకునే ముందు సెలైన్ స్ప్రే కొట్టుకోవడం వల్లే.

చేపనూనె, విటమిన్ ఇ, గింక్గో, వెల్లుల్లి మాత్రలు, పసుపు సారం క్యాప్సూల్స్ జోలికి సర్జన్ సరేననేదాకా పోకూడదు. ఇవి రక్తస్రావాన్ని పెంచే అవకాశం ఉంది. వాపు తగ్గిస్తుందని పేరున్న, అనాస నుంచి తీసే బ్రోమెలైన్ మీదా నాకు ఇదే అనుమానం.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మెగ్నీషియం సొంతంగా మొదలుపెట్టకూడదు, ఒంట్లో ఎక్కువైనదాన్ని బయటకు పంపేది కిడ్నీలే. పారాసిటమాల్‌తోనే నొప్పి ఆగి, నీళ్లు బాగా తాగగలిగేవాళ్లకు ఈ పొడి అవసరమే రాకపోవచ్చు. నాకు ఐదు రోజులు ట్రమడాల్ తప్పలేదు, దీని మీద ఇంత అభిమానం అందుకే.