గ్లాసు పూర్తయ్యాకే మార్కులు: బ్రస్సెల్స్ నుంచి ప్లజెన్ దాకా బీరు యాత్ర

కొత్త బీరు కనిపిస్తే రుచి చూడడం, నోట్స్ రాసుకోవడం, అన్‌టాప్డ్ యాప్‌లో రేటింగ్ ఇవ్వడం నాకు ఎప్పటి నుంచో ఉన్న ఇష్టం. ఇందులో నన్ను చాలా కాలంగా ఇబ్బంది పెడుతున్నవి టేస్టింగ్ ట్రేలు. చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టి ఇస్తారు, ఒక్కోదాంట్లో నాలుగు గుక్కలుంటాయి. అలా చూస్తే హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు), తీపి, ఆల్కహాల్ దట్టంగా ఉన్నదే ప్రతిసారీ గెలుస్తుంది. డబుల్ ఐపీఏ, ఇంపీరియల్ స్టౌట్ లాంటి ఘాటైన బీర్ల మధ్య పెడితే మంచి లేగర్ (చల్లగా, నెమ్మదిగా పులియబెట్టే బీరు) కూడా నీళ్లలా అనిపిస్తుంది. అందుకని నేనూ నా స్నేహితుడూ బయల్దేరే ముందే ఒక మాట అనుకున్నాం. ఏ బీరైనా గ్లాసు పూర్తయ్యాకే మార్కులు, అదీ ఐదుకి. సాయంత్రానికి కొన్నే తాగాలి, మధ్యలో మంచినీళ్లు, భోజనం తప్పనిసరి. బస బీరు దొరికే చోటుకి నడక దూరంలోనే ఉండాలి. కారు వద్దే వద్దు, అంతా రైళ్లలోనే.

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో మొదట వెళ్లింది ఆండర్‌లెక్ట్‌లోని కాంటియోన్ బ్రూవరీకి, అంటే బీరు కాచే చోటుకి. మిడి స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. బయటికి పాత గోడౌన్‌లా ఉంటుంది కాబట్టి చూసుకోకపోతే దాటిపోతాం. 1900లో మొదలైన ఈ కుటుంబ బ్రూవరీలో లాంబిక్ అనే పుల్లటి బీరుని ఇప్పటికీ పాత పద్ధతిలోనే కాస్తున్నారు. మేం గైడ్ లేని టూర్ తీసుకున్నాం, అదే మంచిదైంది. నచ్చిన చోట నచ్చినంతసేపు నిలబడొచ్చు.

నేను ఎక్కువసేపు నిలబడింది పైన, కప్పు కింద ఉన్న రాగి తొట్టి దగ్గర. చాలా వెడల్పు, లోతు మాత్రం తక్కువ. కాచిన ద్రవాన్ని రాత్రంతా ఇందులో చల్లారనిస్తారు. ఈస్ట్ విడిగా కలపరు. గాలిలోనూ ఆ గదిలోనూ ఉన్న ఈస్ట్, బాక్టీరియా వాటంతట అవే చేరి పులియబెడతాయి. ఎండలు ముదిరితే పనికిరాని బాక్టీరియా ఎక్కువవుతుంది కాబట్టి చలి నెలల్లోనే కాస్తారు. తర్వాత చెక్క పీపాల్లోకి పోసి ఏళ్ల తరబడి వదిలేస్తారు. పీపాల మధ్య సాలెగూళ్లు అలాగే ఉంటాయి, ఎవరూ దులపరు. పళ్లకీ బీరుకీ ముసిరే చిన్న ఈగల్ని సాలీళ్లే పట్టి తినేస్తాయి కాబట్టి వాటికి అక్కడ మర్యాద ఎక్కువ.

ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపి సీసాలో మళ్లీ పులియబెడితే గూజ్ అవుతుంది. మొదటి గుక్కకి పులుపు తప్ప ఇంకేం తెలియదు, దవడలు లాగేస్తాయి. ఆ క్షణంలో మార్కులు అడిగితే నా స్నేహితుడు రెండుకి మించి వేసేవాడు కాదు. సగం గ్లాసుకి వచ్చేసరికి పులుపు వెనక్కి తగ్గి నిమ్మతొక్క, ఎండుగడ్డి, తడి చెక్క వాసనలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి నోరు శుభ్రంగా, పొడిగా ఉంది, తీపి జాడే లేదు. నా వైపు నుంచి 4.75. గ్యాస్ అసలు లేని మామూలు లాంబిక్ కూడా అడిగి తాగండి. గూజ్ దేంతో తయారవుతుందో నాలుకకి తెలుస్తుంది. లోపల చలిగా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు.

బ్రస్సెల్స్ బార్లలో నా ఓటు ఫాంటెనాస్ కూడలిలోని మూదర్ లాంబిక్‌కి. అక్కడి కుర్రాడు ఆర్డర్ రాసుకునే ముందు మాకు ఎలాంటి రుచులు నచ్చుతాయో అడిగాడు, గ్లాసు నీళ్లతో కడిగి పోశాడు, ఏది ముందు తాగితే ఏది రుచిస్తుందో వరస కూడా చెప్పాడు. అక్కడే తారాస్ బుల్బా తాగాను. బ్రాసరీ డి లా సెన్ అనే బ్రూవరీ వాళ్ల బీరు, ఆల్కహాల్ 4.5 శాతమే. చేదు గట్టిగా ఉన్నా భారం లేదు. కొత్త తరం బెల్జియన్ బ్రూవరీల్లో నాకు బాగా నచ్చే దారి ఇదే, బలం పెంచకుండా రుచి పెంచడం. వందల పేర్ల మెనూ ఉన్న ఇంకో పెద్ద బార్‌కీ వెళ్లాం, పేరు ఎందుకులెండి. అడిగిన సీసా వచ్చింది గానీ బీరులో తడిసిన అట్ట వాసన. గాలి తగిలి పాతబడిన బీరు లక్షణం అది. మెనూ పెరిగేకొద్దీ ఒక్కో సీసా అమ్ముడుపోవడానికి పట్టే కాలం కూడా పెరుగుతుంది. నేను మెనూ పొడవు చూసి బార్ ఎంచుకోవడం మానేసి చాలా కాలమైంది.

బసకి స్టేషన్ దగ్గర హోటల్ తీసుకున్నాం. రైళ్లకి సౌకర్యమే, గది కూడా శుభ్రంగా ఉంది. కింద ఉన్న బార్ మాత్రం వద్దు. ట్యాప్ బీరులో వెన్న వాసన గుప్పుమంది. అది డయాసిటైల్. ఒక్కోసారి కాచేటప్పుడే మిగిలిపోతుంది, లేదంటే బార్‌లో పైపులు కడగకపోవడం వల్ల చేరుతుంది. పైపుల్ని రెండు వారాలకోసారి శుభ్రం చేయాలన్నది ఈ వ్యాపారంలో అందరూ చెప్పే లెక్క. గ్లాసు లోపలి గోడలకి బుడగలు అంటుకుని ఉన్నాయి, అంటే గ్లాసు కూడా సరిగ్గా కడగలేదు. కౌంటర్‌లో చెప్తే మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు, అంతవరకు మెచ్చుకోవాలి. ఈసారి వెళ్తే నగరం మధ్యలో, ఫాంటెనాస్ చుట్టుపక్కల ఉంటాను.

బ్రూజ్‌లో ఆగింది కొద్దిసేపే. డె హాల్వే మాన్ బ్రూవరీ 2016లో ఊరి కింద నుంచి బాట్లింగ్ ప్లాంట్ దాకా బీరు పైప్‌లైన్ వేసింది, మూడు కిలోమీటర్లకి పైనే. ఇరుకు వీధుల్లోకి ట్యాంకర్లు రాకూడదని. టూర్ చివర ఇచ్చే వడకట్టని బ్రూగ్స్ జాట్ తాజాగా, బాగుంది. ఊళ్లో రద్దీ మాత్రం ఊపిరాడనివ్వదు.

అసలు వెళ్లాల్సింది పోపరింగె వైపు. రైలు అక్కడితో ఆగిపోతుంది, చుట్టూ హాప్స్ తోటలు, ఊళ్లో హాప్స్ మ్యూజియం. అక్కడి నుంచి అద్దె సైకిల్ మీద సింట్ సిక్స్టస్ మఠానికి వెళ్లాం. ట్రాపిస్ట్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు కాచే వెస్ట్‌వ్లెటరెన్ బీర్లు మఠం ఎదురుగా ఉన్న ఇన్ డె వ్రేదె కెఫేలో గ్లాసుల్లో దొరుకుతాయి. 2005లో రేట్‌బీర్ సైట్ ప్రపంచంలోకెల్లా మంచి బీరుగా నిలబెట్టింది ఇక్కడి వెస్ట్‌వ్లెటరెన్ 12నే, ఆల్కహాల్ 10.2 శాతం. ఎండుద్రాక్ష, అంజీర్, మాడిన పంచదార. చల్లగా తాగితే సగం రుచి దాక్కుంటుంది, చేతిలో పట్టుకుని కాస్త వెచ్చబడనివ్వాలి. గొప్ప బీరే, అనుమానం లేదు. కానీ పక్క ఊరు వాటూలోని సింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12 దీనికి ఏమంత తీసిపోదు. 1946 నుంచి 1992 వరకు మఠం బీర్లని లైసెన్స్ మీద కాచింది ఆ బ్రూవరీయే. మఠం బీరు కోసం తంటాలు పడలేనివాళ్లు నిశ్చింతగా ఆబ్ట్ 12 తీసుకోవచ్చు. నేను రెండింటికీ 4.5 వేశాను. ఆ కెఫేలో నాకు ఎక్కువ నచ్చింది 5.8 శాతం బ్లాండ్ (లేత రంగు బీరు), దాని గురించి ఎవరూ మాట్లాడరు. గడ్డి వాసన, గట్టి చేదు, సైకిల్ తొక్కి వచ్చిన దాహానికి సరిగ్గా సరిపోయింది.

బ్రస్సెల్స్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, వుర్జ్‌బర్గ్ మీదుగా జర్మనీలోని బాంబర్గ్ చేరడానికి దాదాపు రోజంతా పట్టింది. ఈ యాత్రలో మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించే ఊరు ఇదే.

పూర్వం మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీని, నిప్పు మీద ఆరబెట్టేవాళ్లు కాబట్టి బీరు చాలా చోట్ల పొగ వాసనతోనే ఉండేది. పొగ తగలని బట్టీలు వచ్చాక అందరూ అటు మారిపోయారు. బాంబర్గ్‌లో ష్లెంకర్లా, ష్పెట్సియాల్ బ్రూవరీలు మాత్రం మారలేదు, ఇప్పటికీ బీచ్ అనే చెట్టు కట్టెల పొగ మీద తమ మాల్ట్ తామే ఆరబెట్టుకుంటాయి. ష్లెంకర్లా పబ్బు పాత ఊళ్లో, పెద్ద చర్చి ఉన్న కొండ కిందే ఉంది. నల్లబడిన దూలాలు, పొడవాటి బల్లలు. ఖాళీ ఉన్న చోట, తెలియనివాళ్ల పక్కనైనా, అడిగి కూర్చోవడమే. కౌంటర్ మీద చెక్క పీపా, దానికో ఇత్తడి కుళాయి. గ్యాస్ లేదు, పంపు లేదు, బీరు దాని బరువుతోనే గ్లాసులోకి దిగుతుంది. ముదురు గోధుమ రంగు, దీపానికి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ఎరుపు. నురగ చిక్కగా నిలబడింది.

నా స్నేహితుడు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "ఇదేంట్రా, బీరు అడిగితే పొగబెట్టిన మాంసం ఇచ్చారు?"

"మార్కులు ఇప్పుడే వద్దు. గ్లాసు అవనీ."

ఈ బీరు సంగతి ఆ ఊళ్లో అందరూ చెప్పేదే, మొదటి గ్లాసు కంటే రెండోది, రెండోదాని కంటే మూడోది బాగుంటుందని. ముక్కు పొగకి అలవాటు పడ్డాక కానీ దాని వెనకున్న మాల్ట్ తీపి తెలియదు. 5.1 శాతమే కాబట్టి రెండో గ్లాసు భయం లేకుండా తీసుకోవచ్చు. రెండో గ్లాసు సగంలో మావాడే అడిగాడు, సీసాలు కొనడానికి దొరుకుతాయా అని. వాడి మార్కులు 4.5, నావి నిండా 5. ఒక గుక్క గ్లాసులో ఈ బీరుని ఇచ్చి మార్కులు అడగడం అన్యాయం.

పొగ అంటే బెదిరేవాళ్లు ష్పెట్సియాల్‌తో మొదలుపెట్టండి, అక్కడ పొగ లేతగా ఉంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా ఫెస్లా బ్రూవరీ. ష్పెట్సియాల్ 1536 నాటిది, ఫెస్లా 1649 నాటిది, రెండింట్లోనూ అద్దెకి గదులున్నాయి. బాంబర్గ్‌లో బసకి నా సలహా ఈ వీధే. గదులు సాదాసీదా, కానీ స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్యలో ఉన్నాయి, రాత్రి మెట్లెక్కితే చాలు. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లు వీధి వైపు కాకుండా వెనక గది అడగండి. మార్స్ బ్రాయ్ అనే ఇంకో బ్రూవరీలో అయితే ఆర్డర్ ఇవ్వడానికి "ఊ" అంటే చాలు, గ్యాస్ తక్కువున్న, వడకట్టని లేగర్ వస్తుంది. బ్రెడ్ అంచులాంటి రుచి, మెత్తటి చేదు. టేస్టింగ్ ట్రేలో దీనికి చివరి స్థానమే దక్కుతుంది. అరలీటరు గ్లాసులో దీన్ని మించినవి నేను కొద్దిగానే తాగాను.

న్యూరెంబర్గ్, ష్వాన్‌డోర్ఫ్ మీదుగా చెక్ దేశంలోని ప్లజెన్. పిల్స్‌నర్ అన్న పేరు పుట్టిన ఊరు. 1838లో పాడైన బీరు పీపాలు 36 ఇక్కడ వీధిలో పారబోశారు. ఆ తర్వాత ఊరివాళ్లే కలిసి బ్రూవరీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ని పిలిపించారు. 1842 అక్టోబర్ 5న అతను కాచిన మొదటి బంగారు రంగు లేగర్‌ని ఇవాళ ప్రపంచమంతా కాపీ కొడుతోంది. దీన్ని క్రాఫ్ట్ బీరు (చిన్న బ్రూవరీల బీరు) అనరు, పెద్ద కంపెనీ ఫ్యాక్టరీ ఇది. అయినా లేగర్ మీద మాట్లాడాలనుకునేవాళ్లు తప్పక చూడాలి. టూర్ పెద్ద గుంపుగా, గబగబా సాగుతుంది, మొదటి సగం నాకు పెద్దగా పట్టలేదు. కింద నేలమాళిగలోకి దిగాక లెక్క మారింది. రాతి సొరంగాలు, ఒళ్లు జిల్లుమనే చలి, ఓక్ పీపాల వరస. వాటిలోంచి నేరుగా పట్టి ఇచ్చిన బీరు వడకట్టనిది, పాశ్చరైజ్ చేయనిది. సాజ్ అనే చెక్ రకం హాప్స్ వాసన సీసాలో ఎప్పుడూ ఇంత స్పష్టంగా తగల్లేదు. ఇచ్చేది ఒక్క గ్లాసే. ఇంకో గ్లాసు కావాలంటే ఊళ్లో బ్రూవరీ మ్యూజియం పక్కనున్న 'నా పార్కాను' అనే పబ్బుకి వెళ్లాలి, అక్కడా వడకట్టనిది పోస్తారు. చెక్ దేశంలో బీరు తాగి బండి నడపడానికి చుక్క కూడా అనుమతి లేదని గుర్తుంచుకోండి. క్రాఫ్ట్ బీరు, బస ఒకే చోట కావాలంటే ఊరి శివారున పుర్క్‌మిస్త్ర్ ఉంది, సొంత బ్రూవరీ ఉన్న హోటల్.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లు తిరగేసి వెళ్తే మేలు. ప్లజెన్‌లో మొదలుపెట్టి బ్రస్సెల్స్‌లో ముగించండి. నాలుక తాజాగా ఉన్నప్పుడు లేగర్‌లో తేడాలు బాగా తెలుస్తాయి, లాంబిక్ పులుపు చివర్లో వచ్చినా దాని మాట అది వినిపించుకోగలదు. ఇంకో లాభం సామాను. కార్క్ వేసిన గూజ్ సీసాలు బరువు, కానీ చీకట్లో చల్లగా ఉంచితే ఏళ్ల తరబడి నిలుస్తాయి, అవి ఆఖరి ఊళ్లో కొనుక్కోవచ్చు. వడకట్టని లేగర్ మాత్రం ఎక్కడ పోస్తే అక్కడే తాగాలి. బాంబర్గ్ గదులు శని, ఆదివారాలకి దొరకడం కష్టం, రైలు టికెట్ల కంటే ముందే అవి బుక్ చేసుకోండి.