ఆటకు ముందు ఇన్సులిన్ తగ్గించాలా, ఏమైనా తినాలా: ఏది మేలు?

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలు పరుగు, ఈత, ఫుట్‌బాల్ అంటే ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, మధ్యలో షుగర్ పడిపోతుందేమోనని. పడకుండా చూసుకునే దారులు ప్రధానంగా రెండు: ఇన్సులిన్ తగ్గించడం, లేదా పిండిపదార్థం (కార్బోహైడ్రేట్) అదనంగా తినడం.

ఆట సమయం ముందే తెలిస్తే నా ఓటు ఇన్సులిన్ తగ్గించడానికే. ఆ ముందు రెండు గంటల్లో తినే భోజనానికి వేసుకునే డోసులో 25 నుంచి 75 శాతం దాకా కోత పెడతారు. ఎంతసేపు, ఎంత గట్టిగా ఆడతారో చూసి డాక్టర్ లెక్క చెబుతారు. ఇన్సులిన్‌ను ఒంట్లోకి పంపే పంప్ (చిన్న యంత్రం) ఉన్నవాళ్లు బేసల్‌ను, అంటే రోజంతా కొద్దికొద్దిగా అందే ఇన్సులిన్‌ను, 60 నుంచి 90 నిమిషాల ముందే తగ్గించాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మైదానంలో దిగాక తగ్గిస్తే, అప్పటికే ఒంట్లో ఉన్న ఇన్సులిన్ తన పని తాను చేసుకుపోతుంది.

కానీ ఆ వయసు పిల్లలు ముందే చెప్పి ఆడతారా? "ఒకడు తక్కువయ్యాడు, వస్తావా?" అంటే చాలు, పరుగే. వేసేసిన ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేం కాబట్టి అప్పుడు తిండే దిక్కు. షుగర్ 90 (mg/dL) లోపు ఉంటే ముందు 10-20 గ్రాముల పిండిపదార్థం తిని, పెరిగాకే మొదలుపెట్టాలి. డోసు తగ్గించకుండా ఆడితే గంటకు కిలో బరువుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా అవసరం కావచ్చు. అంటే 50 కిలోల పిల్లాడికి 25 నుంచి 50 గ్రాములు. రోజూ ఇదే పద్ధతైతే కడుపు బరువు, ఒంటి బరువు రెండూ పెరుగుతాయి.

పొట్టి పరుగు పందేలు, బరువులెత్తడం వేరే కథ. అడ్రినలిన్ వల్ల షుగర్ పైకే పోవచ్చు, అక్కడ ముందుగా తిన్నా, డోసు తగ్గించినా బెడిసికొడుతుంది. ఆ పెరుగుదల చూసి కంగారుగా పూర్తి డోసు వేస్తే తర్వాత ఢమాల్. అయితే షుగర్ 270 దాటి, రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు) 1.5 mmol/L లేదా అంతకన్నా ఎక్కువుంటే ఆట మానుకోవాల్సిందే.

ఏ దారి పట్టినా రాత్రి మిగిలే ఉంటుంది. సాయంత్రం బాగా ఆడిన రోజు నిద్రలో షుగర్ పడిపోవచ్చు. అందుకే ఆ రాత్రికి బేసల్‌ను సుమారు 20 శాతం తగ్గించమనో, పడుకునే ముందు కాస్త తినమనో చెబుతారు. షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచే సెన్సర్ ఉంటే అలారం మోగేలా పెట్టుకోవాలి, సైలెంట్‌లో కాదు.