గాలి పరుపుతో మూడు రాత్రులు: ఉమామహేశ్వరం, సోమశిల, వైజాగ్ కాలనీ

నడుము నొప్పి లేకపోతే ఈ పరుపు కొనేవాణ్ణే కాదు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మీదే పడుకున్నాను. ఇప్పుడు బండ మీద ఒక్క రాత్రి పడుకుంటే పొద్దున లేవడానికి గోడ పట్టుకోవాలి. అందుకని శివరాత్రికి వారం ముందు మా బావతో కలిసి బస్సుల మీద తిరగడానికి బయల్దేరుతూ, తనంతట తాను గాలి పీల్చుకునే సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్ ఒకటి తెప్పించుకున్నా. బరువు కిలో నూరు గ్రాములు, మందం నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బావ మాత్రం మా అమ్మ బొంతనే చుట్టి, తాడుతో కట్టి భుజాన వేసుకున్నాడు. నల్లగొండ బస్టాండులో నా బ్యాగు కింద వేలాడుతున్న చుట్టను చూసి, "ఏంది బామ్మర్దీ, తుపాకీ తెచ్చినవా?" అన్నాడు.

దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట చేరి, అక్కడి నుంచి ఆటోలో రంగాపూర్ దాటి ఉమామహేశ్వరం ఎక్కాం. గుడి మీదికి గొడుగులా వంగిన కొండ, దాన్ని ఆనుకుని నడిచే దారి, పాపనాశనం దగ్గర చల్లటి నీళ్లు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. మధ్యాహ్నం రెండింటికి కూడా అక్కడ చొక్కా చెమట పట్టదు. చూడ్డానికి ఈ మూడింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. బసకు మాత్రం కాదు. మాకు దొరికిన సత్రం గదిలో మంచం మీద పరుపు ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటింది, దిండు సంగతి చెప్పక్కర్లేదు. బక్కెటు ఉంది, మగ్గు లేదు. గది తాళం అక్కడే ఇచ్చేసి వరండాలోకి వచ్చేశాం.

వరండాలో అప్పటికే పదిమంది దాకా శివమాల వేసుకున్న స్వాములు ఉన్నారు. శ్రీశైలం నడిచిపోతున్నారు. ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ పట్టా, ఒక దుప్పటి, అంతే. నేను పరుపు విప్పి మూల మీద ఉన్న వాల్వు తిప్పాను. 'స్స్' అని సన్నగా చప్పుడు మొదలైంది. అందరూ లేచి కూర్చుని చూస్తున్నారు. "తానే ఉబ్బుతదా స్వామీ?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఉబ్బుతది అన్నాను. ఐదు నిమిషాలైంది. అప్పడం వేడి నూనెలో లేచినట్టు లేస్తుందని వాళ్లు అనుకున్నారేమో, ఇది బద్ధకంగా ఒక పక్క మాత్రం పైకొచ్చింది. పది నిమిషాలకు పెద్దాయన దుప్పటి కప్పుకుంటూ, "గిది ఉబ్బే లోపల నేను శ్రీశైలం పోయొస్త" అన్నాడు. వరండా అంతా నవ్వు.

తప్పు పరుపుది కాదు, నాది. లోపల ఉండేది గాలి ఒక్కటే కాదు, స్పాంజి. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో నొక్కి వదిలితే నీళ్లు పీల్చుకున్నట్టు, ఇది వాల్వు తెరవగానే గాలి పీల్చుకుంటుంది. 1970లలో అమెరికాలో బోయింగ్ కంపెనీలో పని పోయిన ఇంజనీర్లు చేసిన తెలివి ఇది, థర్మరెస్ట్ అనే పరుపుల కంపెనీ అట్లా పుట్టిందే. నాది ఆ కంపెనీది కాదు, చవకది. చవకదైనా ఖరీదుదైనా వారాల తరబడి గట్టిగా చుట్టి ఉంచితే స్పాంజి అణిగిపోయి లేవడానికి మొరాయిస్తుంది. ఇంట్లో పరిచి, వాల్వు తెరిచి పెట్టాలి. నేను కొరియర్ డబ్బాలోంచి తీసి నేరుగా బ్యాగుకు కట్టుకున్నా. చివరికి నోటితో ఏడెనిమిది సార్లు ఊదితే గానీ సరిపడా గాలి చేరలేదు. మామూలుగా కూడా పేరుకే 'తనంతట తాను', ఆఖర్న నాలుగు ఊపిర్లు మనం పోయాల్సిందే.

మొదట రాయిలా బిగించి పడుకున్నా. పక్కకు తిరిగితే తుంటి నొప్పి. వాల్వు కొంచెం తిప్పి, తుంటి నేలకు తగిలీ తగలనట్టు అయ్యేదాకా గాలి వదిలాను. అప్పుడు తెలిసింది దాని సుఖం. ఇంకో తిప్పలు: షాబాద్ బండల మీద నైలాను జారుతుంది. అర్ధరాత్రి కళ్లు తెరిస్తే తల ఒక స్వామి పట్టా మీద ఉంది. తెల్లవారుజామున బండ మంచులా అయింది. బావ బొంతను కిందికి సగం, మీదికి సగం చేసుకుని ముడుచుకుపోయాడు. నా వీపు మాత్రం వెచ్చగా ఉంది. ఈ పరుపులకు ఆర్ వాల్యూ అని ఒక లెక్క చెప్తారు, వేడిని ఎంత ఆపుతుందో కొలిచేది. మంచు కొండల వాళ్లకు అది పెద్ద అంకె కావాలి, మనకు ఒకటో రెండో చాలు.

మర్నాడు మన్ననూర్, మల్లెల తీర్థం. త్వరగా చెప్పేస్తా. ఫిబ్రవరిలో జలపాతం సన్నటి ధార, అన్ని మెట్లు దిగి ఎక్కినందుకు మోకాళ్లకే గుర్తుంటుంది. వానల తర్వాత వెళ్లండి. టెంటు తెచ్చుకుని అడవిలో వేసుకుందామనుకునే కుర్రాళ్లు ఆ ఆశ వదులుకోవాలి. అది పులుల అడవి, బయట పడుకోనివ్వరు. శ్రీశైలం రోడ్డు కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఉంటే అటవీ శాఖ వాళ్ల గదుల్లో ముందే చెప్పుకుని ఉండాలి. మేము చెప్పుకోలేదు కాబట్టి వెనక్కి తిరిగి, బస్సులు మారుతూ కొల్లాపూర్, అక్కడి నుంచి సాయంత్రానికి సోమశిల.

సోమశిలలో టూరిజం కాటేజీలు నిండిపోయాయి. ఒడ్డున చేపలు పట్టే ఒకాయన, "మా గుడిసె ముందర పండుకోండి సార్, పైసలొద్దు, చేపలు కొనుక్కోండి చాలు" అన్నాడు. ఇంతకంటే మంచి బేరం ఎక్కడా దొరకదు. శ్రీశైలం డ్యాం నీళ్లు వెనక్కి తగ్గుతున్న రోజులు. అవతలి వైపు సంగమేశ్వరం గుడి కూడా నీళ్లు తగ్గితేనే బయటపడుతుంది. నీళ్లు వదిలిన చోట ఒండ్రు మట్టి మెత్తగా, చదునుగా ఉంది. పరుపే అక్కర్లేదనిపించింది. అయినా పరిచాను. అదే నా పొరపాటు.

తెల్లవారి మూడింటికి మెలకువ వచ్చింది. నడుము కింద మట్టి గడ్డ తెలుస్తోంది. టార్చి వేసి చూస్తే పరుపు నీరసంగా సగానికి దిగింది. ఎక్కడో పల్లేరు కాయ. చెప్పుల్లేకుండా నడిచిన వాళ్లకు దాని ముళ్లు ఎట్లాంటివో చెప్పక్కర్లేదు. ఒక్క మంచి సంగతి ఏమిటంటే, పూర్తిగా గాలితో నడిచే పరుపైతే ఆ పాటికి ప్లాస్టిక్ కవరైపోయేది. దీంట్లో స్పాంజి ఉంది కాబట్టి వేలెడు మెత్తన మిగిలింది, ఎట్లాగో తెల్లారింది.

పొద్దున పరుపులో నోటితో గాలి నింపి, కృష్ణలో మోకాళ్ల లోతున నిలబడి, ముక్క ముక్కగా నీళ్లలోకి ముంచాను. పుట్టిలో వల సర్దుకుంటున్న ఆయన చూసి, "ట్యూబు లెక్కనే చూడాలె సార్, నిమ్మళంగా" అన్నాడు. కాళ్ల వైపు, అంచుకు జానెడు దూరంలో, ఆవగింజంత బుడగలు వరుసగా పైకొస్తున్నాయి. బాల్‌పెన్నుతో చుట్టూ గీశాను. ప్యాకెట్‌తో వచ్చిన అతుకుల కిట్ ఇంట్లో అల్మారాలో భద్రంగా ఉంది. కొల్లాపూర్‌లో పంక్చర్ షాపులో సొల్యూషన్ పూసి రబ్బరు ముక్క అంటించాడు. నీట్‌గానే వేశాడు పాపం. కానీ ఆ జిగురు ట్యూబు రబ్బరు కోసం చేసింది. ఈ నైలాను మీది పూతకు పట్టదు. సాయంత్రానికి ముక్క మూల లేచింది.

మూడో రాత్రి మళ్లీ మా జిల్లాలోనే, దేవరకొండ అవతల వైజాగ్ కాలనీ. సాగర్ కట్టేటప్పుడు విశాఖ వైపు నుంచి వచ్చి నిలిచిపోయిన వాళ్ల పేరు మీద ఊరు. పరమ ప్రశాంతం అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. శనివారం రాత్రి కార్లు, స్పీకర్లు, సీసాలు. చేపల ఫ్రై మాత్రం తినాల్సిందే, కారం దట్టించి, ఎర్రగా వేయించి వేడివేడిగా ఇస్తారు. స్నానాల గది దగ్గర వరుసలో నిలబడాలి. కుటుంబంతో అయితే వారం మధ్యలో పోండి.

అక్కడ మేము బండ మీద పరిచాం. పగలంతా ఎండ తాగిన బండ రాత్రి పదింటికి కూడా పెనంలా ఉంది. బావ బొంత వేసుకుని అయిదు నిమిషాలకు లేచి కూర్చున్నాడు. గాలి సగమే ఉన్నా నా పరుపు ఆ వేడిని పైకి రానివ్వలేదు. చలి కోసం చేసిన వస్తువు మన దగ్గర వేడికి అడ్డుపడింది. కాకపోతే నైలాను ఊపిరాడనివ్వదు, వీపు చెమటకు అతుక్కుంటుంది. మీద నూలు పంచె పరిస్తే బాగుంది. ఇంకో మాట, గాలి నింపి వాల్వు మూసి పగలు ఎండలో వదలొద్దు. లోపలి గాలి వేడెక్కి ఉబ్బి, స్పాంజికీ బట్టకూ మధ్య అతుకు ఊడితే ఇక ఏ కిట్టూ పనిచేయదు.

పన్నెండింటికి బావ మెల్లగా, "బామ్మర్దీ, ఓ గంట నేను పండుకుంటా దాని మీద" అన్నాడు. ఆ గంట తెల్లారిందాకా సాగింది. నేను బొంతను నాలుగు మడతలు పెట్టి చెట్టు కింద మట్టిలోకి జరిగాను. నిజం చెప్పాలంటే అక్కడ బాగానే నిద్రపట్టింది.

ఇంటికొచ్చాక పెన్ను గీత చుట్టూ స్పిరిటుతో తుడిచి, కిట్‌లో జిగురుతో అతుకు వేసి ఒక రోజు బరువు పెట్టాను. ఇప్పుడు మంచం కింద వాల్వు తెరిచి పడుకుని ఉంది. లోపల నా ఊపిరి తేమ కూడా ఆరాలి కదా, లేకుంటే బూజు వాసన వస్తుంది. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం గుడికి దారి తెరుస్తారు. ఆ లోయ దిగుడుకు కిలో నూరు గ్రాములు మోయాలా వద్దా అని నేను ఆలోచిస్తుంటే నిన్న బావ ఫోన్ చేశాడు. "నువ్వు బొంత పట్టుకో బామ్మర్దీ, ఆ తుపాకీ నేను మోస్తలే" అంటున్నాడు.